అమెరికాలో వ్యాపారులకు ఈ-చెక్, నెలనెలా బ్యాంకు వసూళ్లు: అనుమతి పత్రం నుంచి రిటర్న్ దాకా

కస్టమర్ బ్యాంకు ఖాతా నుంచి ప్రతి నెలా నేరుగా డబ్బు వసూలు చేసుకోవడం ఎలాగని అడిగే వ్యాపారులలో చాలామంది మొదట ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడుగుతారు. ఈ పనిలో అన్నిటికన్నా తేలికైనది సాఫ్ట్‌వేరే. ఖాతా నంబరు, మొత్తం, తేదీ నింపి బటన్ నొక్కితే డెబిట్ వెళ్లిపోతుంది. అది రెండు రోజులకో యాభై రోజులకో వెనక్కి వచ్చిననాడు మీ చేతిలో ఏ ఆధారం ఉంది, ఆ రోజు మీరు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అన్నవే అసలు చిక్కులు. అందుకని ఇక్కడ అనుమతి పత్రానికి, రిటర్న్‌లకు (అంటే కస్టమర్ బ్యాంకు వెనక్కి పంపిన డెబిట్లకు) ఎక్కువ చోటు ఇచ్చి, మిగిలినవి అవసరమైనంత వరకే చెబుతున్నాను.

## 1. డబ్బు ఏ దారిన నడుస్తుందో ముందుగా తెలుసుకోండి

వ్యాపారులు ఈ-చెక్ అని పిలిచేది చాలావరకు ఏసీహెచ్ (ఆటోమేటెడ్ క్లియరింగ్ హౌస్) అనే, బ్యాంకుల మధ్య చెల్లింపులను చేరవేసే నెట్‌వర్క్ మీద నడిచే డెబిట్. దాని నిబంధనలను నాచా అనే సంస్థ రూపొందిస్తుంది. బ్యాంకుల మధ్య ఫైళ్లను చేరవేసేవి రెండు: ఫెడరల్ రిజర్వ్ నడిపే ఫెడ్‌ఏసీహెచ్, ద క్లియరింగ్ హౌస్ నడిపే ఈపీఎన్. మీ ఆదేశం ప్రాసెసర్‌కు (వ్యాపారుల తరఫున డెబిట్లను బ్యాంకుకు పంపే సంస్థకు), అక్కడి నుంచి మీ తరఫు బ్యాంకుకు, ఈ రెండింటిలో ఒకదాని ద్వారా కస్టమర్ బ్యాంకుకు చేరుతుంది.

కార్డు చెల్లింపుకు అలవాటుపడినవారు ఇక్కడే పొరబడతారు. కార్డు గీసినప్పుడు అక్కడికక్కడే ఆమోదమో తిరస్కారమో తెలుస్తుంది. ఏసీహెచ్‌లో అలాంటి జవాబు రాదు. డెబిట్ పంపే సమయానికి ఖాతాలో డబ్బు ఉందో లేదో మీకు తెలియదు, గడువులోగా ఏ కబురూ రాకపోతే చెల్లింపు నిలిచిందని అనుకోవడమే.

ఆ గడువులు రెండు. డబ్బు చాలకపోవడం, ఖాతా మూసివేయడం వంటి కారణాలతో వచ్చే రిటర్న్ సాధారణంగా రెండు బ్యాంకు పనిదినాల్లో వస్తుంది. వ్యక్తిగత ఖాతాదారు ‘ఈ డెబిట్‌కు నేను అనుమతి ఇవ్వలేదు’ అంటే మాత్రం కస్టమర్ బ్యాంకు దానిని 60 రోజుల దాకా వెనక్కి పంపవచ్చు. డబ్బు మీ ఖాతాలో జమ అయినంత మాత్రాన అది ఖాయంగా మీదైపోదని దీని అర్థం. విలువైన వస్తువును మొదటి డెబిట్ రోజునే పంపేవారు ఈ సంగతిని దృష్టిలో పెట్టుకుని తమ నియమాలు రాసుకోవాలి.

## 2. ప్రాసెసర్ దగ్గరికి వెళ్లేముందు

ప్రాసెసర్, దాని వెనుక ఉన్న బ్యాంకు మిమ్మల్ని ఒక విధంగా అప్పు తీసుకునేవారిలాగే చూస్తాయి. మీరు వసూలు చేసి ఖర్చుపెట్టేసిన డబ్బుకు రిటర్న్ వస్తే, మీరు కట్టలేనప్పుడు ఆ భారం వాటి మీదే పడుతుంది. అందుచేత ఈ కింది వాటిని సిద్ధంగా ఉంచుకుంటే దరఖాస్తు వారాల తరబడి నానదు.

☐ వ్యాపారం రిజిస్ట్రేషన్ పత్రాలు, పన్ను గుర్తింపు నంబరు
☐ వ్యాపార ఖాతాకు చెందిన రద్దు చేసిన చెక్కు లేదా బ్యాంకు ఇచ్చిన లేఖ
☐ ఇటీవలి నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు
☐ ఒక్కో డెబిట్‌లో గరిష్ఠ మొత్తం ఎంత, నెలలో మొత్తం ఎంత అన్న అంచనా
☐ కస్టమర్‌కు చూపించే అనుమతి పత్రం నమూనా
☐ రద్దు, వాపసు నియమాల ప్రతి

అంచనాలను తక్కువ చేసి చెప్పకండి. నెలకు ఇంత అని రాసిచ్చి, రెండో నెలలో దానికి మూడింతలు పంపితే ప్రాసెసర్ ఫైలును ఆపేయడం మామూలే.

మీరు కూడా వారిని నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. డబ్బును ఎన్ని రోజులు పట్టి ఉంచుతారు? రిటర్న్‌లు వస్తే వాడుకోవడానికి అట్టిపెట్టే రిజర్వు కింద ఎంత మినహాయిస్తారు, దానిని ఎప్పుడు విడుదల చేస్తారు? ఒక్కో రిటర్న్‌కు రుసుము ఎంత? ఒప్పందం ముగిస్తే కస్టమర్ల ఖాతా వివరాలను కొత్త ప్రాసెసర్‌కు బదిలీ చేస్తారా? చివరి ప్రశ్నను దాదాపు ఎవరూ అడగరు. వివరాలు బదిలీ కాకపోతే, ప్రాసెసర్‌ను మార్చిన రోజున వందలాది కస్టమర్లను మళ్లీ ఖాతా నంబర్లు ఇమ్మని బతిమాలుకోవాలి.

## 3. అనుమతి వచ్చిన దారిని బట్టి కోడ్

ప్రతి డెబిట్ వెంట మూడక్షరాల కోడ్ ఒకటి వెళ్తుంది. కస్టమర్ ఏ మార్గంలో అనుమతి ఇచ్చారో, ఆ ఖాతా ఎలాంటిదో అది చెబుతుంది. కోడ్ తప్పయితే మిగిలినవన్నీ సరిగా ఉన్నా రిటర్న్‌కు దారి తెరిచినట్టే.

పీపీడీ: వ్యక్తిగత ఖాతా, అనుమతి కాగితం మీద సంతకంతో వచ్చింది.

వెబ్: వ్యక్తిగత ఖాతా, అనుమతి ఇంటర్నెట్ ద్వారా గానీ మొబైల్ ద్వారా గానీ వచ్చింది. దీనికి అదనపు బాధ్యతలు ఉన్నాయి. మోసాన్ని పసిగట్టే ఏర్పాటు ఉండాలి, కొత్త ఖాతా నంబరును మొదటిసారి వాడేముందు సరిచూడాలి, ఏడాదికొకసారి సమాచార భద్రతపై ఆడిట్ జరగాలి. ఖాతా సరిచూడాలన్న నియమం 2021 మార్చి 19 నుంచి అమల్లో ఉంది.

టెల్: వ్యక్తిగత ఖాతా, అనుమతి ఫోన్‌లో నోటిమాటగా వచ్చింది. కస్టమర్ తానే ఫోన్ చేసి ఉండాలి, లేదా మీతో అప్పటికే సంబంధం ఉన్నవారై ఉండాలి. ముక్కూమొహం తెలియని వారికి ఫోన్ చేసి ఖాతా నంబరు తీసుకోవడం ఈ కోడ్ కిందికి రాదు.

సీసీడీ: వ్యాపార ఖాతా, రెండు వ్యాపారాల మధ్య ఒప్పందం ఉండాలి.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు వ్యక్తిగత ఖాతాకు సీసీడీ వాడడం. వ్యాపార ఖాతా డెబిట్‌పై అనుమతి లేదన్న అభ్యంతరానికి రెండు పనిదినాలే గడువు కదా అని కొందరు అందరికీ అదే కోడ్ పెడతారు. కస్టమర్ బ్యాంకు అలాంటి దానిని ఆర్05 (వ్యక్తిగత ఖాతాకు వ్యాపార కోడ్ వాడారని చెప్పే రిటర్న్ కోడ్) కింద 60 రోజుల దాకా వెనక్కి పంపగలదు కాబట్టి ఆ తెలివితేటల వల్ల ఒరిగేదేమీ ఉండదు.

కౌంటర్ దగ్గర ఇచ్చిన కాగితపు చెక్కును ఎలక్ట్రానిక్ డెబిట్‌గా మార్చడానికి వేరే కోడ్‌లు ఉన్నాయి. పీఓపీలో చెక్కును స్కాన్ చేసి, రద్దు ముద్ర వేసి, కస్టమర్‌కు అక్కడే తిరిగి ఇచ్చేస్తారు. బీఓసీలో చెక్కు మీ దగ్గరే ఉంటుంది, మార్పిడి తరువాత లోపలి గదిలో జరుగుతుంది. తపాలాలో వచ్చిన చెక్కులకు ఏఆర్‌సీ. ఈ మూడింటికీ 25,000 డాలర్ల పరిమితి ఉంది.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఇలా మార్చిన చెక్కు ఆ ఒక్క చెల్లింపుకే పనికొస్తుంది. దాని మీది నంబర్లను దాచుకుని వచ్చే నెల నుంచి నెలవారీ వసూలు మొదలుపెట్టాలంటే, దానికి వేరుగా అనుమతి తీసుకోవాలి.

## 4. అనుమతి పత్రం

తొందర పడకుండా చేయవలసిన పని ఈ మొత్తంలో ఇదొక్కటే. వ్యక్తిగత ఖాతాల నుంచి క్రమం తప్పకుండా జరిగే వసూళ్లకు ఫెడరల్ నిబంధన అయిన రెగ్యులేషన్ ఈ ప్రకారం, సంతకం చేసిన లేదా సంతకంతో సమానంగా ధ్రువీకరించిన రాతపూర్వక అనుమతి ఉండాలి. దాని ప్రతిని కస్టమర్‌కు ఇవ్వాలి.

పత్రంలో తప్పక ఉండవలసినవి:

☐ ఇది ఒక్కసారి డెబిట్‌కా, పలుమార్లకా, క్రమం తప్పకుండా జరిగే వసూలుకా
☐ మొత్తం ఎంత, లేదా దానిని ఎలా లెక్కిస్తారు
☐ మొదటి తేదీ, ఎన్నిసార్లు, ఎంత వ్యవధికి ఒకసారి
☐ కస్టమర్ పేరు లేదా గుర్తింపు
☐ ఏ ఖాతా నుంచి
☐ అనుమతి ఇచ్చిన తేదీ
☐ అనుమతిని ఎలా రద్దు చేసుకోవచ్చు

వాక్యాలు ఎలా ఉండాలో ఒక నమూనా చూడండి:

‘2026 మార్చి 5 నుంచి మొదలుపెట్టి ప్రతి నెలా 5వ తేదీన, నేను రాతపూర్వకంగా గానీ కింది ఈమెయిల్ ద్వారా గానీ రద్దు చేసేవరకు, 4471తో ముగిసే నా చెకింగ్ ఖాతా నుంచి 49 డాలర్లను డెబిట్ చేయడానికి అనుమతి ఇస్తున్నాను. 5వ తేదీ బ్యాంకు సెలవు దినమైతే తరువాతి పనిదినాన డెబిట్ జరుగుతుంది. రద్దు కోరేవారు తదుపరి డెబిట్‌కు కనీసం మూడు పనిదినాల ముందు తెలియజేయాలి. నా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఈ డెబిట్ కింది పేరుతో కనిపిస్తుంది.’

చివరి వాక్యాన్ని ఏ నిబంధనా అడగదు. అయినా అది లేకుండా ఏ అనుమతి పత్రాన్నీ పంపవద్దని నా సలహా. ఏసీహెచ్ ఫైలులో వ్యాపారి పేరుకు ఉన్న చోటు 16 అక్షరాలు, వివరణకు 10 అక్షరాలు. బోర్డు మీద ఒక పేరు, రిజిస్ట్రేషన్‌లో మరో పేరు ఉన్న వ్యాయామశాలను ఊహించుకోండి. స్టేట్‌మెంట్‌లో రిజిస్ట్రేషన్ పేరు, అదీ సగంలో తెగిపోయి కనిపిస్తే, నెలనెలా వ్యాయామశాలకు వెళ్తున్న మనిషి కూడా ‘ఈ సంస్థ ఎవరో నాకు తెలియదు’ అని తన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు. అబద్ధమాడాలని కాదు, నిజంగానే అతను ఆ పేరును గుర్తుపట్టడు. బోర్డు మీది పేరే పంపమని ప్రాసెసర్‌ను అడగండి.

వెబ్‌సైట్‌లో అనుమతి తీసుకునేవారు పేజీ వాక్యాలను కస్టమర్ ఒప్పుకున్న రోజున ఉన్నవి ఉన్నట్టుగా భద్రపరచాలి. దాంతోపాటు సమయం, ఐపీ చిరునామా, లాగిన్ వివరం ఉండాలి. పేజీని తరువాత మార్చేసి పాత ప్రతి లేకపోతే, కస్టమర్ దేనికి ఒప్పుకున్నారో చూపించలేరు. ముందే టిక్ పెట్టిన గడిని అనుమతిగా లెక్కవేయకండి.

ఫోన్ అనుమతి విషయంలో, ఒక్కసారి డెబిట్‌కు సంభాషణ రికార్డింగ్ గానీ రాతపూర్వక నోటీసు గానీ చాలు. క్రమం తప్పని వసూలుకు రికార్డింగ్ ఉండాలి, రాతప్రతిని కస్టమర్‌కు పంపాలి కూడా.

వాయిదాల మీద అప్పు ఇచ్చే వ్యాపారులకు ఒక హెచ్చరిక. బ్యాంకు ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కట్టడానికి ఒప్పుకుంటేనే అప్పు ఇస్తామని షరతు పెట్టడాన్ని రెగ్యులేషన్ ఈ నిషేధిస్తుంది. అలా కట్టేవారికి వడ్డీ కొంత తగ్గించడం వేరు, అది చేయవచ్చు.

## 5. ఖాతా నంబర్లను సరిచూడడం

చెక్కు అడుగున అయస్కాంత సిరాతో ముద్రించిన వరుసను చూడండి. వ్యక్తిగత చెక్కుపై మామూలుగా ఎడమవైపున, ఒకే రకమైన రెండు గుర్తుల మధ్య ఉండే తొమ్మిది అంకెలు రూటింగ్ నంబరు. దాని తరువాత ఖాతా నంబరు, చెక్కు నంబరు ఉంటాయి. వాటి వరుస బ్యాంకును బట్టి మారుతుంది. చెక్కు నంబరును పైమూలలో ఉన్నదానితో పోల్చి వేరు చేయండి. దానిని ఖాతా నంబరుకు అతికించి రాసేయడం రోజూ జరిగే తప్పు. డిపాజిట్ స్లిప్‌ను మాత్రం నమ్మకండి. దాని మీద ఉండే నంబరు ఆ బ్యాంకు లోపలి వాడుకకు ఉద్దేశించినదై ఉండవచ్చు.

రూటింగ్ నంబరులో చివరి అంకె తనిఖీ అంకె. సరిచూసే పద్ధతి ఇది: అంకెలను వరుసగా 3, 7, 1, 3, 7, 1, 3, 7, 1తో గుణించి కూడితే వచ్చే మొత్తం 10తో నిశ్శేషంగా భాగింపబడాలి. 123456780 అనే అభ్యాస నంబరును తీసుకోండి. 1, 4, 7ల మొత్తం 12. దాన్ని 3తో గుణిస్తే 36. 2, 5, 8ల మొత్తం 15. 7తో గుణిస్తే 105. 3, 6, 0ల మొత్తం 9. అన్నీ కలిపి 150, కాబట్టి నంబరు నిలిచింది. ఎవరైనా 5, 6లను తారుమారు చేసి 123465780 అని రాస్తే మొత్తం 156 అవుతుంది, తప్పు బయటపడుతుంది.

ఈ పద్ధతికి ఒక చిన్న గుడ్డితనం ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు అంకెల తేడా సరిగ్గా 5 అయితే, అంటే 1, 6 గానీ 2, 7 గానీ తారుమారైతే, మొత్తం మళ్లీ 10తో భాగింపబడుతుంది, తప్పు దొరకదు. పైగా ఇది రూటింగ్ నంబరును మాత్రమే చూస్తుంది, ఖాతా నంబరు సంగతి దానికి తెలియదు.

ఖాతా తెరిచి ఉందో లేదో చూడడానికి మూడు దారులు. సున్నా డాలర్ల ముందస్తు ఎంట్రీ పంపి మూడు బ్యాంకు పనిదినాలు ఆగవచ్చు. డాలరుకు లోపు చిన్న మొత్తాలు జమచేసి, అవి ఎంతో కస్టమర్‌ను చెప్పమనవచ్చు. లేదా కస్టమర్ తన బ్యాంకు లాగిన్ ద్వారా ధ్రువీకరించే సేవను గానీ ఖాతాల డేటాబేస్‌ను గానీ వాడుకోవచ్చు. చిన్న మొత్తాల పద్ధతి నెమ్మదిగా నడిచినా, ఆ ఖాతాను చూడగలిగే మనిషే మీతో మాట్లాడుతున్నాడని కొంత తేలుస్తుంది. ముందస్తు ఎంట్రీకి ఆ శక్తి లేదు.

స్ప్రెడ్‌షీట్ వాడేవారికి ఒక మాట. రూటింగ్ నంబర్లలో చాలా వాటికి మొదటి అంకె సున్నా. గడిని అంకెల గడిగా వదిలేస్తే ఆ సున్నా మాయమై ఎనిమిది అంకెలే మిగులుతాయి. ఖాతా నంబరు ముందున్న సున్నాలు కూడా అలాగే పోతాయి. రెండు గడులనూ పాఠ్యంగా మార్చిన తరువాతే నంబర్లు నింపండి.

## 6. తేదీలు, సెలవులు

ఏసీహెచ్ డెబిట్లు శని, ఆదివారాల్లోనూ ఫెడరల్ రిజర్వ్ సెలవు రోజుల్లోనూ సెటిల్ కావు, అంటే బ్యాంకుల మధ్య డబ్బు చేతులు మారదు. వసూలు తేదీగా 1ని ఎంచుకుంటే జనవరిలో ప్రతి ఏడూ అది తరువాతి పనిదినానికి వాయిదా పడక తప్పదు. కస్టమర్‌కు జీతం పడిన మరుసటి పనిదినాన్ని ఎంచుకోమని అవకాశం ఇస్తే, ఆ ఒక్క మార్పుతోనే డబ్బు చాలని రిటర్న్‌లు తగ్గుతాయి.

అదే రోజు సెటిల్ అయ్యే సౌకర్యానికి ఒక్కో చెల్లింపుకు 10 లక్షల డాలర్ల పరిమితి ఉంది. నెలవారీ వసూళ్లకు దాని అవసరం అరుదు, రుసుము దండగ.

మొత్తం మారేటప్పుడు కస్టమర్‌కు కనీసం 10 రోజుల ముందు, తేదీ మారేటప్పుడు కనీసం 7 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. సెలవు వల్ల తేదీ ఒకటి రెండు రోజులు జరగడం మార్పు కిందికి రాదు. బిల్లు ప్రతి నెలా మారే వ్యాపారమైతే, ‘30 నుంచి 90 డాలర్ల మధ్య ఉంటే నోటీసు అవసరం లేదు, ఆ పరిధి దాటితేనే తెలియజేయండి’ అని కస్టమర్ ఎంచుకునే వీలు కల్పించండి.

## 7. మొదటి బ్యాచ్

అందరినీ ఒకేసారి ఎక్కించకండి. మొదట మీ సొంత ఖాతా ఒకటి, బాగా తెలిసిన కస్టమర్ల ఖాతాలు ఐదారు పెట్టి పంపండి. స్టేట్‌మెంట్‌లో పేరు ఎలా కనిపించిందో వారినే ఫొటో తీసి పంపమనండి.

☐ బ్యాచ్‌లోని మొత్తం, డెబిట్ల సంఖ్య బిల్లుల మొత్తంతో సరిపోయాయి
☐ ఒకే కస్టమర్ రెండుసార్లు రాలేదు
☐ చెకింగ్, సేవింగ్స్ ఖాతాలు సరిగా గుర్తించబడ్డాయి
☐ గత నెలలో రద్దు చేసుకున్నవారు జాబితాలో లేరు
☐ మార్పు నోటీసులు (9వ భాగం చూడండి) వచ్చిన ఖాతాలు సవరించబడ్డాయి

ఫైలు వెళ్లలేదేమోనన్న అనుమానంతో మళ్లీ పంపేముందు ప్రాసెసర్‌కు ఫోన్ చేయండి. ఒకే నెలకు రెండుసార్లు డబ్బు కోత పడిన కస్టమర్లను శాంతింపజేయడం కన్నా అరగంట ఫోన్ పట్టుకుని కూర్చోవడం నయం.

కస్టమర్లుగా వ్యాపార సంస్థలు ఉంటే ఇంకో పని ఉంది. అలాంటి ఖాతాల్లో చాలావాటికి తెలియని డెబిట్లను అడ్డుకునే వడపోత ఉంటుంది. మీ పది అక్షరాల కంపెనీ గుర్తింపును ముందుగానే వారి అకౌంటెంట్‌కు పంపి, బ్యాంకులో నమోదు చేయించమనండి. లేకపోతే మొదటి డెబిట్ ఆర్29తో (వ్యాపార ఖాతాదారు అనుమతి లేదన్న కోడ్‌తో) వెనక్కి వస్తుంది.

## 8. రిటర్న్ వచ్చినప్పుడు

రిటర్న్‌ల జాబితాను రోజూ ఉదయం చూడాలి. వారానికోసారి చూసేవారు ఐదు రోజుల పాటు మూసేసిన ఖాతాల మీదికి కొత్త డెబిట్లు పంపుతూ ఉంటారు. కోడ్‌ను బట్టి చేయవలసింది మారుతుంది; అన్నిటికీ ‘మళ్లీ ప్రయత్నించు’ అన్న ఒకే బటన్ నొక్కడమే వ్యాపారులను ఎక్కువగా ఇబ్బందుల్లోకి నెట్టేది.

ఆర్01, ఆర్09 (డబ్బు చాలలేదు, లేదా జమ ఇంకా ఖాయం కాలేదు). మళ్లీ పంపవచ్చు. మొదటి దాని తరువాత మరో రెండుసార్లు మాత్రమే, అదీ మొదటి డెబిట్ నాటి నుంచి 180 రోజుల్లోపు. మొత్తం అదే ఉండాలి. 49 డాలర్లు రాలేదని 25, 24గా ముక్కలు చేసి పంపడం గానీ, ఆలస్య రుసుమును దానికి కలపడం గానీ కుదరదు. మరుసటి రోజే పంపకుండా, జీతాల రోజు చూసుకుని, ముందుగా కస్టమర్‌కు ఒక సందేశం పెట్టి పంపితే వసూలయ్యే అవకాశం మెరుగు.

ఆర్02, ఆర్03, ఆర్04 (ఖాతా మూసివేశారు, ఖాతా దొరకలేదు, నంబరు తప్పు). అవే నంబర్లతో మళ్లీ పంపకండి. కస్టమర్ నుంచి కొత్త వివరాలు తీసుకుని, సరిచూసి, అప్పుడు పంపండి.

ఆర్07 (అనుమతిని ఉపసంహరించుకున్నారు). షెడ్యూలును ఆ రోజే ఆపేయండి. బకాయి ఉంటే వేరే మార్గంలో వసూలు చేసుకోవాలి.

ఆర్08 (చెల్లింపు ఆపమన్నారు). కస్టమర్ తానుగా ఒప్పుకుంటే తప్ప మళ్లీ పంపకూడదు. ఒక్క నెలకే ఆపారా, మొత్తానికే ఆపారా అన్నది అడిగి తెలుసుకోండి.

ఆర్10 (వ్యాపారి తెలియదు, లేదా అనుమతి లేదు). ఇదే అన్నిటికన్నా బరువైనది. కొత్త అనుమతి లేకుండా ఆ ఖాతా మీదికి ఇంకొక్క డెబిట్ కూడా వెళ్లకూడదు. కస్టమర్ బ్యాంకు మీ అనుమతి పత్రాన్ని చూపించమని అడిగితే మీ బ్యాంకుకు 10 పనిదినాల గడువే ఉంటుంది, అందులో మీకు మిగిలేది రెండు మూడు రోజులే. పత్రాలను కస్టమర్ పేరుతో వెతకగానే దొరికేలా పెట్టుకోవడం ఇందుకే. పత్రం పక్కాగా ఉన్నా సరే, వచ్చిన రిటర్న్ దానంతటది వెనక్కి పోదు. కస్టమర్‌తో నేరుగా మాట్లాడి తేల్చుకోవలసిందే.

ఆర్11 (అనుమతి ఉంది కానీ దాని ప్రకారం జరగలేదు). తేదీకి ముందే డెబిట్ చేయడం, ఎక్కువ మొత్తం తీసుకోవడం వంటివి. తప్పును సరిదిద్ది, రిటర్న్ సెటిల్ అయిన 60 రోజుల్లోపు సవరించిన డెబిట్‌ను కొత్త అనుమతి లేకుండానే పంపవచ్చు.

తిరిగి వచ్చిన డెబిట్‌కు రుసుము తీసుకోదలిస్తే, అది డబ్బు చాలని రిటర్న్‌కు మాత్రమే, ఒక్కసారి మాత్రమే, 45 రోజుల్లోపు, వేరే ఎంట్రీగా వెళ్లాలి. ఆ సంగతి కస్టమర్‌కు ముందే తెలిసి ఉండాలి. ఎంత తీసుకోవచ్చన్నది రాష్ట్ర చట్టాన్ని బట్టి ఉంటుంది.

## 9. మార్పు నోటీసులు

డెబిట్ చెల్లి, దాంతోపాటు ‘ఈసారికి సరే, ఇకపై ఈ వివరం మార్చుకోండి’ అన్న నోటీసు కూడా రావచ్చు. సీ01 అంటే ఖాతా నంబరు, సీ02 అంటే రూటింగ్ నంబరు, సీ03 అంటే రెండూ, సీ05 అంటే చెకింగ్, సేవింగ్స్ తారుమారు. నోటీసు అందిన ఆరు పనిదినాల్లోపు గానీ తరువాతి డెబిట్‌కు ముందు గానీ, ఏది తరువాత వస్తే ఆలోగా మార్పు చేయాలి. డబ్బు వచ్చేసింది కదా అని వీటిని పక్కన పడేసేవారికి తరువాతి నెలల్లో అదే ఖాతా నుంచి ఆర్03, ఆర్04లు మొదలవుతాయి.

## 10. నెలాఖరున చూసుకోవలసిన మూడు నిష్పత్తులు

నాచా మూడు హద్దులు పెట్టింది. అనుమతి లేదన్న రిటర్న్‌లు 0.5 శాతం, తప్పుడు ఖాతా వివరాల రిటర్న్‌లు అంటే ఆర్02, ఆర్03, ఆర్04 కలిపి 3 శాతం, అన్ని రకాల రిటర్న్‌లూ కలిపి 15 శాతం. లెక్కలోకి వచ్చేది 60 రోజులు లేదా రెండు నెలల కాలం.

చిన్న వ్యాపారులకు మొదటి హద్దే ప్రమాదకరం. ఆ కాలంలో 400 డెబిట్లు పంపినవారికి 0.5 శాతం అంటే రెండే. మూడో ఫిర్యాదు రాగానే నిష్పత్తి 0.75 శాతానికి చేరుతుంది, ప్రాసెసర్ నుంచి వివరణ కోరుతూ లేఖ వస్తుంది. దీనికి చికిత్స రిటర్న్ తరువాత వాదించడంలో లేదు. డెబిట్‌కు మూడు రోజుల ముందు మొత్తం, తేదీ, స్టేట్‌మెంట్‌లో కనిపించే పేరు తెలిపే సందేశం పంపడం, ఫోన్ చేస్తే మనిషి ఎత్తడం, అడిగిన వెంటనే రద్దు చేయడం ఫలిస్తాయి. మీకు ఫోన్ చేస్తే పని జరగదని తెలిసిన కస్టమరే బ్యాంకుకు ఫోన్ చేస్తాడు.

## 11. రద్దు కోరినప్పుడు

ఇంటర్నెట్‌లో చేర్చుకున్న కస్టమర్ల వసూళ్లను ఆపుకోవడానికి సులభమైన మార్గం ఉండాలని 2010 నాటి ఫెడరల్ చట్టం చెబుతోంది. చేరడానికి ఒక్క పేజీ, మానుకోవడానికి మూడు ఫోన్‌కాల్స్ అన్న ఏర్పాటు ఆ చట్టం ముందు నిలవదు, 0.5 శాతం లెక్క ముందు అసలే నిలవదు.

రద్దు అభ్యర్థన అందిన రోజున ఈ వరుసలో చేయండి:

☐ అందిన తేదీ, సమయం నమోదు చేయండి
☐ షెడ్యూలును, ఇప్పటికే బ్యాచ్‌లోకి వెళ్లిన డెబిట్ ఏదైనా ఉంటే దానిని కూడా ఆపించండి
☐ ఆపలేని దశ దాటిపోతే, డబ్బు ఎప్పుడు వాపసు చేస్తారో కస్టమర్‌కు తేదీతో సహా రాయండి
☐ రద్దు ధ్రువీకరణను ఈమెయిల్‌లో పంపండి
☐ అనుమతి పత్రాన్ని ముగిసిన వాటి ఫైలులోకి మార్చి, రద్దు తేదీ రాయండి

ఆ పత్రాన్ని అక్కడితో పారేయకూడదు. అనుమతి ముగిసిన లేదా రద్దయిన నాటి నుంచి రెండేళ్లు భద్రపరచాలి. ఉదాహరణకు 2026 మార్చిలో మొదలై 2029 జూన్ 30న రద్దయిన అనుమతిని 2031 జూన్ 30 దాకా ఉంచాలి. కాగితమైతే తాళం వేసిన బీరువాలో, ఎలక్ట్రానిక్ అయితే ఖాతా నంబరును చివరి నాలుగు అంకెలు తప్ప కనబడకుండా చేసి, ఎవరు తెరిచారో నమోదయ్యే చోట పెట్టండి. ఆ తేదీ దాటాక కాగితాన్ని ముక్కలు చేయించి, డిజిటల్ ప్రతిని బ్యాకప్‌లతో సహా తొలగించండి.